మూలన కూర్చున్న కుర్రాడు

నాలుగు స్కూళ్లు బయటికి పంపేశాయి. అల్లరివాడన్నారు, రాస్కెల్ అన్నారు. అలాంటి కుర్రాడు పద్దెనిమిదేళ్ల వయసులో చేసిన తొలి ఆల్బమ్‌కి బ్రిటన్ విమర్శకులు ప్రతిష్ఠాత్మకమైన పురస్కారం ఇచ్చారు. పోనీ అవేమైనా హాయిగొలిపే పాటలా అంటే... కాదు. భయం, దిగులు, కోపం. మరి ఆ హోరులో విమర్శకులకు ఏం వినిపించింది?

లండన్‌లోని గ్రోవనర్ హౌస్ హోటల్. 2003 సెప్టెంబరు 9 రాత్రి. ఆ ఏడాది 'మెర్క్యురీ ప్రైజ్' ఎవరిదో మరికాసేపట్లో తేలిపోతుంది. బరిలో ఉన్నవి పన్నెండు ఆల్బమ్‌లు. ఒకటి కోల్డ్‌ప్లేది. ఇంకొకటి రేడియోహెడ్‌ది. రెండూ ప్రపంచవ్యాప్తంగా పేరున్న బృందాలే. వాటికి తోడు ఆ వేసవిలో అమ్మకాల్లో నంబర్‌వన్‌గా నిలిచిన 'ది డార్క్‌నెస్' అనే రాక్ బృందం. బహుమతి వీళ్లలో ఎవరికి వచ్చినా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు.

కానీ న్యాయనిర్ణేతలు ప్రకటించిన పేరు వేరు... డిజీ రాస్కల్!

పంతొమ్మిదో పుట్టినరోజుకి ఇంకా తొమ్మిది రోజులుంది అతడికి. తూర్పు లండన్‌లోని 'బో' అనే పేదల పేటలో పెరిగిన నల్లజాతి కుర్రాడు. అతడి ఆల్బమ్ పేరు 'బోయ్ ఇన్ డా కార్నర్'. అంటే, మూలన ఉన్న కుర్రాడు. బజారువీధిలో పలికినట్టే 'డా' అని రాసుకున్నాడు తప్ప, వ్యాకరణం గురించి పట్టించుకోలేదు.

మెర్క్యురీ ప్రైజ్ 1992లో మొదలైంది. అమ్మకాల లెక్కలతో దానికి సంబంధం లేదు. ఏటా బ్రిటన్, ఐర్లండ్‌లలో వచ్చిన ఆల్బమ్‌ల్లోంచి ఉత్తమమైన ఒక్కదాన్ని ఎంపిక చేస్తారు. సంగీతాన్ని సామాజిక శాస్త్రంగా అధ్యయనం చేసిన ప్రొఫెసర్ సైమన్ ఫ్రిత్ అప్పట్లో న్యాయనిర్ణేతల బృందానికి అధ్యక్షుడు. బహుమతి మొత్తం 20 వేల పౌండ్లు. అంతకుముందు ఏడాది, 2002లో మిస్ డైనమైట్ అనే అమ్మాయికి వచ్చింది. ర్యాప్ పాడేవాళ్లకి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. ఆ మరుసటి ఏడాదే మళ్లీ ఒక ర్యాపర్‌కి!

ర్యాప్ అనగానే మన ఇళ్లలో చాలామందికి 1994లో వచ్చిన 'ప్రేమికుడు' సినిమాలోని 'పేట ర్యాప్' గుర్తొస్తుంది. హుషారుగా, వేళాకోళంగా సాగిపోతుందది. డిజీ రాస్కల్ ర్యాప్‌లో ఆ సరదా తక్కువ. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఆ కుర్రాడు కూర్చున్న మూల ఎలాంటిదో చూడాలి.

మంగళవారం పుట్టినవాడు

అసలు పేరు డైలాన్ క్వబేనా మిల్స్. 1984 సెప్టెంబరు 18న పుట్టాడు. తల్లి ప్రిసిల్లాది ఆఫ్రికాలోని ఘనా. అక్కడి అకాన్ జాతివాళ్లు పుట్టిన వారాన్ని బట్టి పిల్లలకు పేరు పెడతారు. 'క్వబేనా' అంటే మంగళవారం పుట్టిన మగపిల్లాడు. తండ్రి మూలాలు నైజీరియాలో ఉన్నాయి. కొడుకు చిన్నతనంలోనే ఆయన పోయాడు. ఉన్న ఒక్క కొడుకునీ తల్లే పెంచింది.

పిల్లాడు పెరుగుతున్నకొద్దీ గొడవలూ పెరిగాయి. కొట్లాటలు, చిల్లర దొంగతనాలు, టీచర్లకు ఎదురు తిరగడం. ఒక స్కూల్లోంచి పంపేస్తే ఇంకో స్కూలు, అక్కణ్నుంచీ పంపేస్తే మరొకటి. అలా నాలుగు స్కూళ్లు అయ్యాయి. ఆ రోజుల్లోనే ఒక టీచరు 'రాస్కల్' అని పిలిచారనీ, అదే పేరులో చేరిపోయిందనీ చెబుతారు. మన దగ్గర కూడా పిల్లల్ని తిట్టడానికి పెద్దలు వాడే మాటే కదా! ఆ తిట్టునే అతడు బిరుదులా తగిలించుకున్నాడు.

చివరికి చేరింది లాంగ్డన్ పార్క్ స్కూల్లో. అక్కడా కథ మారలేదు. ఒక్కో తరగతి గది తలుపూ మూసుకుపోతూ వచ్చింది. తెరిచి ఉన్నది ఒక్కటే... సంగీతం గది. అక్కడి మాస్టారు అతణ్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. పాటలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఉంది అందులో. వాయిద్యం నేర్చుకోనక్కర్లేదు. స్వరాలు రాయడం రాకపోయినా ఫర్వాలేదు. మౌస్‌తో ఒక్కో దరువునీ పేర్చుకుంటూ పోతే చాలు. మాస్టారు పాఠం చెప్పలేదు, పక్కన కూర్చుని 'ఇలా కాదు, అలా' అనలేదు. కుర్రాణ్ని అతడి మానాన వదిలేశారు.

క్లాసులో పది నిమిషాలు కుదురుగా కూర్చోలేనివాడు ఆ కంప్యూటర్ ముందు గంటల తరబడి కదిలేవాడు కాదు. తొలి ఆల్బమ్‌లోని పాటల్లో ఎక్కువ భాగానికి సంగీతం కూర్చింది కూడా అతడే. ఆ ఆల్బమ్‌ని పొగిడిన విమర్శకుల కన్నా చాలాముందే అతడు చేస్తున్నది విన్న మనిషి ఆ సంగీతం మాస్టారు.

అద్దాల మేడల నీడలో

బో అనే ఆ పేట మనకు పూర్తిగా కొత్తదేం కాదు. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్లిన గాంధీజీ, పెద్ద హోటళ్లు వద్దని బోలోని కింగ్స్‌లీ హాల్‌లో బస చేశారు. పేదల మధ్యే ఉంటానన్నారు. దాదాపు పన్నెండు వారాలు అక్కడే ఓ చిన్న గదిలో గడిపారు. అంతకుముందు 1888లో అక్కడి బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఆడపిల్లలు సమ్మె కట్టినప్పుడు వాళ్ల బాధల్ని పత్రికకెక్కించింది అనీబిసెంట్. తర్వాతి కాలంలో మన మదనపల్లెలో కాలేజీ స్థాపించిన అనీబిసెంటే!

డైలాన్ పెరిగేనాటికి ఆ ఫ్యాక్టరీ ఖరీదైన అపార్ట్‌మెంట్ల సముదాయంగా మారింది. చుట్టుపక్కల మాత్రం ప్రభుత్వం కట్టించిన కౌన్సిల్ ఫ్లాట్లు. మూడు కిలోమీటర్ల దూరంలో 'కానరీ వార్ఫ్'. ప్రపంచంలోని పెద్ద పెద్ద బ్యాంకుల ఆఫీసులున్న చోటు. 1991లో పూర్తయిన అక్కడి 235 మీటర్ల భవనం, ఆ ఆల్బమ్ వచ్చేనాటికి బ్రిటన్‌లోకెల్లా ఎత్తైనది. దాని కొసన మినుకు మినుకుమనే దీపం బోలోని కుర్రాళ్లకి రోజూ కనిపిస్తూనే ఉంటుంది. చూడ్డానికి దగ్గర. చేరడానికి మాత్రం చాలా దూరం.

ఆ కుర్రాళ్లకి అందుబాటులో ఉన్నది మరొకటుంది... దొంగ రేడియో! లైసెన్సు లేకుండా నడిచే రేడియో స్టేషన్లన్నమాట. ఎత్తైన ఫ్లాట్ల పైకప్పుల మీద రహస్యంగా యాంటెన్నాలు బిగించేవారు. అధికారులు వచ్చి పీకేసేవారు. మర్నాటికి మళ్లీ ఇంకో మేడ మీద వెలిసేవి. రిన్స్ ఎఫ్‌ఎం, దేజావూ ఎఫ్‌ఎం అలాంటివే. చిన్న గదిలో పదిమంది కుర్రాళ్లు చేరి, ఒకే మైకుని చేతులు మార్చుకుంటూ గంటల తరబడి ర్యాప్ చేసేవాళ్లు. వంతు వచ్చినప్పుడు తడబడ్డాడా... మైకు పక్కవాడికి వెళ్లిపోతుంది. డైలాన్ నోటికి పదును పెట్టింది ఆ పోటీయే. అతడికన్నా పెద్దవాడైన వైలీ అనే ర్యాపర్ అతణ్ని 'రోల్ డీప్' అనే తన బృందంలో చేర్చుకున్నాడు.

ఆ పాటల్లో ఏముంది?

'బోయ్ ఇన్ డా కార్నర్' 2003 జులై 21న విడుదలైంది. ఎక్స్ఎల్ రికార్డింగ్స్ అనే సంస్థ తెచ్చింది. మొత్తం పదిహేను పాటలు. కవర్ మీద బొమ్మ చూస్తేనే సంగతి అర్థమైపోతుంది. పచ్చటి గోడలు కలిసే మూల. నేల మీద నల్లటి ట్రాక్‌సూట్‌లో ఒక కుర్రాడు. రెండు చేతుల వేళ్లూ తలకి ఆనించి కొమ్ముల్లా పెట్టుకున్నాడు. 'నన్ను మీరు దెయ్యం అనుకుంటున్నారుగా, సరే అలాగే చూడండి' అన్నట్టుంటుంది.

పాటలు మొదలయ్యేది కూడా కూర్చోవడంతోనే. 'సిట్టిన్ హియర్' అనే మొదటి పాటలో అతడు ఏమీ చేయడు. ఒకచోట కూర్చుని చూస్తుంటాడంతే. నిన్నమొన్నటిదాకా కలిసి ఆడుకున్న స్నేహితులు మారిపోయారు. వీధి మారిపోయింది. వెనకాల పోలీసు సైరన్ల మోత. పద్దెనిమిదేళ్లవాడు బాల్యాన్ని తల్చుకుని ముసలివాడిలా దిగులుపడతాడు.

'ఐ లవ్ యూ' పాటకి ఆ పేరు పెట్టడమే ఓ చేదు హాస్యం. పదహారేళ్ల వయసులో కట్టిన పాట అది. టీనేజీలోనే ఓ అమ్మాయి గర్భవతి అయిందన్న గుసగుస. తనకేం సంబంధం లేదని అబ్బాయి దులిపేసుకుంటాడు. అక్కడితో ఆగిపోతే మామూలు మగపిల్లాడి పాటే అయ్యేది. కానీ మధ్యలో ఆడగొంతు అందుకుంటుంది. అతడు అన్న ప్రతి మాటకీ అంతే ఘాటుగా బదులిస్తుంది. ఎవరూ గెలవని పోట్లాట అది. 'జెజబెల్' అనే ఇంకో పాటలో ఓ అమ్మాయి బతుకు చిన్న వయసులోనే ఎలా చెదిరిపోయిందో చెబుతాడు. రేపు ఆమె కడుపున పుట్టిన ఆడపిల్లలకీ ఇదే గతి పడుతుందేమోనని భయపడతాడు.

'బ్రాండ్ న్యూ డే'లో ఒకప్పటి దోస్తులు చేతుల్లో ఆయుధాలతో ఎదురుపడతారు. చిట్టచివరి పాట 'డూ ఇట్' అన్నిటికన్నా బరువైంది. బతుకు మీదే విసుగొచ్చిన ఘడియల్ని అతడు దాచుకోడు. అయితే పాట అక్కడ ఆగదు. అనుకున్నది చేసి తీరాలి అనే పట్టుదల దగ్గర ముగుస్తుంది.

అన్నీ చీకటి పాటలేనా అంటే కాదు. 'ఫిక్స్ అప్, లుక్ షార్ప్' ఉంది. 1980ల నాటి రాక్ గాయకుడు బిల్లీ స్క్వైర్ పాటలోని డ్రమ్ముల మోతని తీసుకుని దాని మీద గొంతెత్తి సవాలు విసురుతాడు. బ్రిటన్ పాటల పట్టికలో 17వ స్థానం దాకా వెళ్లింది. బాధలో ఉన్నా కుర్రాడు కుర్రాడే. గొప్పలు పోవడం మానడు.

ఇక ఆ శబ్దం! నిమిషానికి దాదాపు 140 దరువులు. పరుగెత్తుతున్నవాడి గుండె కొట్టుకున్నట్టు. వీడియో గేముల్లోంచీ మొబైల్ రింగ్‌టోన్లలోంచీ ఊడిపడ్డట్టుండే బీప్‌లు. పాట మధ్యలో హఠాత్తుగా ఖాళీలు. వాటి మీద గొంతు మారుతున్న పిల్లాడిలా కీచుగా, ఎవరో తరుముతుంటే మాట్లాడినంత వేగంగా సాగే గొంతు. అది పూర్తిగా లండన్ యాస కాదు, పూర్తిగా జమైకా యాసా కాదు. బో వీధుల్లో రెండూ కలిసిపోయి పుట్టిన భాష.

మెచ్చుకున్నదేమిటి?

దాన్ని ఏ పేరుతో పిలవాలన్నదే విమర్శకులకు ఎదురైన మొదటి చిక్కు. అమెరికా వాళ్ల హిప్‌హాప్ కాదు. క్లబ్బుల్లో ఆడే 'గరాజ్' సంగీతం లోంచే పుట్టినా దానిలోని నునుపు, తళుకు దీనికి లేవు. 'గ్రైమ్' అనే మాట అప్పటికి ఇంకా స్థిరపడలేదు. గ్రైమ్ అంటే ఒంటికి పట్టేసిన మసి, మురికి. దీన్ని ఏమని పిలుస్తారంటూ వైలీ 2004లో ఏకంగా ఓ పాటే విడుదల చేశాడు!

పేరు తెలియకపోయినా మార్కులు మాత్రం దండిగా పడ్డాయి. అమెరికాలోని 'పిచ్‌ఫోర్క్' 10కి 9.4 ఇచ్చింది. పత్రికల సమీక్షలన్నిటినీ కలిపి సగటు కట్టే 'మెటాక్రిటిక్' లెక్కలో 100కి 92 వచ్చాయి. 2004 జనవరిలో మటాడోర్ అనే సంస్థ ఆల్బమ్‌ని అమెరికాలో విడుదల చేసింది. ర్యాప్ పుట్టిన దేశానికే లండన్ పేట ర్యాప్ వెళ్లిందన్నమాట.

విమర్శకులు మెచ్చుకున్న వాటిలో మొదటిది కొత్తదనం. అప్పటిదాకా బ్రిటన్‌లో ర్యాప్ పాడేవాళ్లు న్యూయార్క్ యాసని అరువు తెచ్చుకుంటారన్న అపవాదు ఉండేది. ఇతడు సొంత గొంతుతో, సొంత పేట గురించి మాట్లాడాడు. రెండోది నిజాయతీ. ర్యాప్‌లో తుపాకులూ కొట్లాటలూ చెప్పేవాళ్లకి కొదవలేదు. ఎక్కువమంది తమని వీరులుగా చూపించుకుంటారు. డిజీ మాత్రం తాను భయపడుతున్నానని ఒప్పుకున్నాడు. ఒక పాటలో 'నా జోలికొస్తే చూడు' అని రొమ్ము విరుచుకున్నవాడే, తర్వాతి పాటలో ఒంటరిగా కూర్చుని కుమిలిపోతాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటమే కదా పదహారు, పద్దెనిమిదేళ్ల వయసంటే!

ఒప్పుకోవాల్సిన సంగతి మరొకటుంది. విమర్శకులు ఎంత నెత్తికెత్తుకున్నా ఆల్బమ్ బ్రిటన్ అమ్మకాల పట్టికలో చేరుకున్న అత్యున్నత స్థానం 23. ఆ వేగం, ఆ యాస చాలామందికి కొరుకుడుపడలేదు. బూతు మాటలకీ లోటు లేదు. కుటుంబమంతా హాల్లో కూర్చుని వినే పాటలు కావవి. ఇంకో ప్రశ్న కూడా ఉంది. పేదపేటలోని భయాన్ని, అక్కడ ఎప్పుడూ కాలుపెట్టని పెద్దమనుషులు ఇంట్లో కూర్చుని 'అద్భుతం' అనడంలో ఏదో ఇబ్బంది లేదూ? ఇప్పటికీ తేలని ప్రశ్న అది.

ఒకచోట బహుమతి... మరోచోట ఫారం

ఆల్బమ్ వచ్చిన సమయం కూడా మామూలుది కాదు. 2003 జనవరి మొదట్లో బర్మింగ్‌హామ్‌లో ఇద్దరు అమ్మాయిలు తుపాకీ కాల్పులకు బలైపోయారు. దేశమంతా అట్టుడికింది. అప్పటి సాంస్కృతిక శాఖ సహాయమంత్రి కిమ్ హావెల్స్, 'సో సాలిడ్ క్రూ' లాంటి ర్యాప్ బృందాలే కుర్రాళ్లని చెడగొడుతున్నాయని మండిపడ్డాడు. పాట వల్ల హింస పుడుతుందా, హింస మధ్య బతికేవాళ్లు దాన్నే పాడుతున్నారా? పత్రికల్లో వాదోపవాదాలు.

ఆ వేడి చల్లారకముందే డిజీకే కత్తిపోట్లు పడ్డాయి. ఆల్బమ్ విడుదలకి రెండు వారాల ముందు సైప్రస్‌లోని అయ్యా నాపా అనే విహారకేంద్రంలో జరిగిందది. ప్రాణాపాయం తప్పింది. పాటల్లో భయపడింది దేనికో అదే నిజంగా ఎదురైంది. తనకి దారి చూపిన వైలీతో స్నేహమూ ఆ తర్వాత తెగిపోయింది. కత్తిపోట్లు పడిన రెండు నెలలకే మెర్క్యురీ వేదిక!

విమర్శకులు చప్పట్లు కొట్టారు సరే, ఆ సంగీతం పాడే మిగతా కుర్రాళ్లకి దారి సులువైందా? కాలేదు. 2005లో లండన్ పోలీసులు 'ఫారం 696' తెచ్చారు. డీజేలు, ర్యాపర్లు పాల్గొనే కార్యక్రమం పెట్టాలంటే నిర్వాహకులు కళాకారుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లతో ముందే దాన్ని నింపివ్వాలి. ఎలాంటి సంగీతం వాయిస్తారు, వచ్చే ప్రేక్షకులు ఏ జాతివాళ్లు అనే ప్రశ్నలు కూడా తొలి రోజుల్లో ఉండేవి. గొడవలు జరగకుండా ముందుజాగ్రత్త అన్నది పోలీసుల మాట. గ్రైమ్ కుర్రాళ్ల కార్యక్రమాలు ఆపడానికే ఇదంతా అన్నది కళాకారుల మాట. పన్నెండేళ్ల తర్వాత, 2017 నవంబరులో ఆ ఫారాన్ని రద్దు చేశారు. ఒకప్పుడు మేడల మీద దొంగచాటుగా నడిచిన రిన్స్ ఎఫ్‌ఎంకి కూడా 2010లో లైసెన్సు దక్కింది.

పొగడ్త బరువు

తొలి అడుగుకే అంత పేరొస్తే తర్వాత వేసే ప్రతి అడుగునీ దాంతోనే కొలుస్తారు. డిజీకీ అదే జరిగింది. 2004లోనే రెండో ఆల్బమ్ 'షోటైమ్' తెచ్చాడు. తర్వాత క్రమంగా హుషారైన పాటల వైపు మళ్లాడు. 2008లో 'డ్యాన్స్ విత్ మీ', 2009లో 'బాంకర్స్' బ్రిటన్‌లో నంబర్‌వన్ అయ్యాయి. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో 'బాంకర్స్' పాడాడు. ఆ స్టేడియం ఉన్నది స్ట్రాట్‌ఫర్డ్‌లో. అంటే, అతడు పెరిగిన పేట పక్కనే! మూలన కూర్చున్న కుర్రాణ్ని ఆ రాత్రి ప్రపంచమంతా చూసింది.

విమర్శకులకు మాత్రం అసంతృప్తి. ఆ పాత పదును ఏదీ అన్నారు. పదహారేళ్లప్పటి దిగులు పాతికేళ్లొచ్చినా ఉండాలని కోరుకోవడం న్యాయమేనా? అతడు బాగుపడితే పాట చెడిపోయినట్టా? ఆ చిక్కుముడిని డిజీ కూడా తేలిగ్గా విప్పుకోలేకపోయాడు. పదమూడేళ్లు గడిచాక 2016లో న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ తొలి ఆల్బమ్‌ని మొదటి నుంచి చివరిదాకా వేదిక మీద పాడాడు. లండన్ కార్యక్రమం జరిగింది కూడా ఒలింపిక్ పార్కులోనే.

సరిగ్గా ఆ ఏడాదే గ్రైమ్ ర్యాపర్ స్కెప్టాకి మెర్క్యురీ వచ్చింది. 2019లో డేవ్ అనే ర్యాపర్‌కి వచ్చింది. అదే సంవత్సరం స్టార్మ్‌జీ ప్రఖ్యాత గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో ప్రధాన వేదిక మీద ప్రధాన గాయకుడిగా నిలిచాడు. 2003లో తెరుచుకున్న తలుపులోంచి చాలామందే నడిచొచ్చారు. డిజీకి 2020 కొత్త సంవత్సర గౌరవాల జాబితాలో 'ఎంబీఈ' పురస్కారం దక్కింది.

ఈ కథని ఇక్కడితో ఆపేస్తే చక్కగా ఉంటుంది. కానీ నిజం కాదు. 2022 మార్చిలో, మాజీ సహచరి మీద దాడి చేసిన కేసులో లండన్ కోర్టు అతణ్ని దోషిగా తేల్చింది. మరుసటి నెలలో 24 వారాల కర్ఫ్యూ శిక్ష వేసింది. అబ్బాయి మాటకి అమ్మాయి చేత దీటుగా బదులు చెప్పించిన పాట కట్టింది కూడా ఇతడే. పాటలో అంత తెలిసినవాడు బతుకులో తప్పు చేయడని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2003లో న్యాయనిర్ణేతలు బహుమతి ఇచ్చింది పదిహేను పాటలకి. మనిషికి కాదు. తొలి ఆల్బమ్ గొప్పదే. దాన్ని చేసినవాడి నేరం నేరమే. ఒకదాన్ని చూపి రెండోదాన్ని కొట్టేయలేం.

ఇంతకీ ఆ హోరులో విమర్శకులకు వినిపించిందేమిటి? ఓ కుర్రాడు 'నాకు భయంగా ఉంది' అని చెప్పడం. మామూలుగా చెబితే ఎవరూ వినలేదు కాబట్టి అరిచి చెప్పడం. పత్రికలవాళ్లకి అది 2003లో వినిపించింది. మంత్రులకీ పోలీసులకీ ఇంకా చాలా ఏళ్లు పట్టింది. సంగీతం గదిలోని మాస్టారు మాత్రం ఆల్బమ్ రాకముందే, బహుమతి లేకముందే, ఆ గది తలుపు తెరిచి ఉంచారు. ఆయన చేసిన సాయం ఓ కంప్యూటరూ, ఓ కుర్చీ, కాస్త ఓపికా. అంతే!

ప్రతి మూలనా ఓ మెర్క్యురీ విజేత కూర్చుని ఉండడు. ఉండాల్సిన అవసరమూ లేదు. కానీ తలుపేసుకున్న గదిలోంచి పిల్లాడి పాటల మోత గోడలదిరేలా వినిపిస్తున్నప్పుడు, 'సౌండ్ తగ్గించు' అని కేకేసే ముందు ఒక్క పాటైనా పక్కన కూర్చుని వింటే... వాడేం వింటున్నాడో తెలుస్తుంది. ఎందుకు వింటున్నాడో కూడా తెలియొచ్చు.